ఆస్పత్రిలో గోప్యతా ఆడిట్, నిత్య పర్యవేక్షణ ఎలా చేయాలి?

దుకాణం కట్టేసే ముందు గల్లాపెట్టెలోని డబ్బును ఆనాటి చిట్టాతో సరిచూసుకోవడం పర్యవేక్షణ. ఏడాదికోసారి సంబంధం లేని ఆడిటరు వచ్చి ఖాతాలన్నీ తిరగేయడం ఆడిట్. రోగుల వ్యక్తిగత సమాచారానికి కూడా ఈ రెండూ కావాలి. వంద, నూట యాభై పడకల ఆస్పత్రినో, నాలుగైదు శాఖలున్న డయాగ్నస్టిక్ సెంటరునో దృష్టిలో పెట్టుకుని, ఈ పనిని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏయే ఆధారాలు అడగాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట కొలమానాన్ని తేల్చుకోండి

దేనితో పోల్చి తప్పొప్పులు చెబుతామో ముందే రాసుకోకపోతే ఆడిట్ అభిప్రాయ సేకరణగా మిగిలిపోతుంది. మన దేశంలో ప్రధాన కొలమానం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థలపై పడే ముఖ్య బాధ్యతలకు అప్పుడు 18 నెలల గడువు ఇచ్చారు. తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు. ప్రభుత్వం ముఖ్యమైనవిగా గుర్తించిన పెద్ద సంస్థలు 12 నెలలకోసారి ఆడిట్ చేయించుకోవడం తప్పనిసరి. మీ ఆస్పత్రి ఆ జాబితాలో లేకపోయినా ఏడాదికోసారి ఆడిట్ పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే జబ్బు సంగతి ఒకసారి బయటికి పొక్కితే దాన్ని వెనక్కి తీసుకునే మార్గం లేదు. చట్టంతో పాటు మీ సంస్థ సొంతంగా రాసుకున్న గోప్యతా విధానాన్ని కూడా కొలమానంలో చేర్చండి.

ఆడిట్ చేసే వ్యక్తి ఆ వ్యవస్థను నడిపే వ్యక్తి కాకూడదు. కంప్యూటర్ల విభాగాధిపతి చేత ఆ విభాగాన్నే ఆడిట్ చేయించడం, క్యాషియరు చేత క్యాష్ లెక్క ఆడిట్ చేయించడం లాంటిదే. బయటివారిని పిలిచే స్తోమత లేకపోతే ఒక శాఖవారు మరో శాఖను పరిశీలించే ఏర్పాటు చేసుకుని, నివేదిక నేరుగా యాజమాన్యానికి చేరేలా చూడండి.

ఒక్క రిపోర్టు వెంట నడవండి

సమాచారం ఎక్కడెక్కడ ఉందో చెప్పే పట్టిక ఇమ్మంటే ప్రతి సంస్థా ఇస్తుంది. దాన్ని తీసుకోండి, కానీ నమ్మేయకండి. ఒక రోగి రక్తపరీక్ష రిపోర్టును ఎంచుకుని, అది పుట్టిన చోటి నుంచి చివరిదాకా దాని వెంట నడవండి. రిజిస్ట్రేషన్ కౌంటరులో పేరు, వయసు, ఫోను నంబరు అడుగుతారు. ఆధార్ జిరాక్స్ తీసుకుంటే అది ఏ సొరుగులోకి వెళ్తుందో చూడండి. శాంపిల్ ట్యూబు మీద అంటించే స్టిక్కరులో పేరు ఎంత పెద్దగా కనిపిస్తోంది? ల్యాబు కంప్యూటరులోకి ఎంతమంది ఒకే పాస్‌వర్డుతో వెళ్తున్నారు? రిపోర్టు వాట్సాప్‌లో పంపిస్తే ఆ ఫోను సంస్థదా, ఉద్యోగి సొంతదా? అక్కడి నుంచి బీమా డెస్కుకు, పంపించిన డాక్టరుకు, బ్యాకప్‌కు ఎన్ని ప్రతులు వెళ్తున్నాయి? ఒక్క పూట ఇలా తిరిగితే పట్టికలో లేని ప్రతులు బయటపడతాయి.

ఒక డయాగ్నస్టిక్ సెంటరులో ఇలాగే తిరుగుతున్నప్పుడు, అక్కడి మందుల కౌంటరులో ఒక పెద్దాయనకు మాత్రలు ఎలా వేసుకోవాలో చిన్న కాగితం మీద రాసి ఇవ్వడం చూశాను. ఆయన అనుమతితో ఆ కాగితాన్ని తిప్పి చూస్తే, ఇటు ‘ఉదయం 1, రాత్రి 1’ అని ఉంది, అటు ఒక మహిళ పేరు, ఫోను నంబరు, ఆమె గర్భ నిర్ధారణ పరీక్ష ఫలితం ఉన్నాయి. సరిగా ప్రింటు కాని రిపోర్టులను పారేయడం ఎందుకని నాలుగు ముక్కలు చేసి రఫ్ కాగితాలుగా వాడుతున్నారు. అక్కడివారిది దురుద్దేశం కాదు, పొదుపు. ఆ సెంటరు గోప్యతా విధానం పత్రంలో మాత్రం ఏ లోపమూ లేదు.

ఆధారం లేని జవాబును లెక్కలోకి తీసుకోకండి

‘చేస్తున్నామండీ’ అనే జవాబు వినగానే ‘చూపించండి’ అని మర్యాదగా అడగడమే ఆడిటరు పని. గత ఆరు నెలల్లో ఉద్యోగం మానేసినవారి జాబితాను హెచ్‌ఆర్ విభాగం నుంచి, ఇంకా పనిచేస్తున్న లాగిన్ల జాబితాను కంప్యూటర్ విభాగం నుంచి విడివిడిగా తెప్పించి పక్కపక్కన పెట్టండి. రెండింటిలోనూ కనిపించే ప్రతి పేరూ ఒక లోపమే.

సమ్మతి పత్రాల్లో ఇరవై ఐదింటిని మీరే ఏరుకోండి, వాళ్లు తెచ్చి ఇచ్చినవి కాదు. సమ్మతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, తెలుగు సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలని చట్టం చెబుతోంది. కౌంటరు దగ్గర నిలబడి, తెలుగు ప్రతి అడిగితే ఇస్తున్నారో లేదో చూడండి. ప్రాణాపాయంలో వచ్చిన రోగికి చికిత్స చేయడానికి ఆయన సమాచారాన్ని సమ్మతి లేకుండానే వాడుకోవచ్చు. అయితే ఆ రాత్రి తీసుకున్న ఫోను నంబరుకే మూడు నెలల తర్వాత హెల్త్ ప్యాకేజీ ఆఫరు సందేశం వెళ్లిందంటే ఆ మినహాయింపు దానికి వర్తించదు. మార్కెటింగ్ జాబితాలోని నంబర్లు ఎక్కడి నుంచి వచ్చాయో తప్పక అడగండి, తరచూ అసలు చిక్కు అక్కడే దొరుకుతుంది.

బయటి సంస్థలను మరవకండి. సాఫ్ట్‌వేరు కంపెనీ, బీమా క్లెయిములు చూసే సంస్థ, పాత ఫైళ్లను స్కాన్ చేసే కాంట్రాక్టరు ఎవరి చేతిలో పొరపాటు జరిగినా, చట్టం ముందు బాధ్యత ఆస్పత్రిదే. ప్రతి ఒప్పందాన్నీ తెరిచి, భద్రతా షరతులు, పని ముగిశాక డేటా చెరిపేసే షరతు ఉన్నాయో లేవో చదవండి.

రెండు ఆడిట్ల మధ్య పర్యవేక్షణ

పర్యవేక్షణకు ఖరీదైన సాఫ్ట్‌వేరు కన్నా, క్రమం తప్పకుండా చూసే ఒక మనిషి ముఖ్యం. వారానికోసారి రోగుల ఫైళ్లు ఎవరెవరు తెరిచారో చెప్పే లాగ్‌ను చూడాలి. ఊళ్లో పేరున్న వ్యక్తి చేరిన రోజు, ఆస్పత్రి ఉద్యోగే రోగిగా చేరిన రోజు మరీ శ్రద్ధగా చూడాలి. చికిత్సతో సంబంధం లేని విభాగం నుంచి ఆ ఫైలు ఎందుకు తెరుచుకుందో అడిగితే చాలు, మర్నాటి నుంచి ఆ కుతూహలం తగ్గిపోతుంది. నియమాల ప్రకారం లాగ్‌లను కనీసం ఏడాది దాచాలి కాబట్టి, పాత నెల లాగ్ ఒకటి అప్పుడప్పుడు తీయించి అది నిజంగా తెరుచుకుంటోందో లేదో చూసుకోండి. నెలకోసారి, తమ వివరాలు సరిచేయమనో, చెరిపేయమనో రోగులు పెట్టిన దరఖాస్తులు ఎన్ని, ఎన్ని రోజుల్లో తీరాయో లెక్క తీయండి.

ఆరు నెలలకోసారి ఒక కసరత్తు చేయండి. ఆదివారం రాత్రి, ‘రోగుల డేటా బయటికి పోయిందనుకోండి, ఇప్పుడేం చేస్తారు?’ అని డ్యూటీలో ఉన్నవారిని అడగండి. సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో, సైబర్ భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని ఆ సంస్థ 2022 ఏప్రిల్ ఆదేశాలు అంటున్నాయి; కొత్త నియమాల కింద డేటా పరిరక్షణ బోర్డుకూ, నష్టపోయిన రోగులకూ ఆలస్యం లేకుండా తెలియజేసి, పూర్తి వివరాలు 72 గంటల్లో బోర్డుకు ఇవ్వాలి. ఫోను ఎవరికి చేయాలో తెలియకే మొదటి రెండు గంటలు గడిచిపోతే, అది కసరత్తులో బయటపడటమే మేలు.

నివేదిక, ఆ తర్వాత

ప్రతి లోపానికీ ఏం ఉండాలి, ఏం కనిపించింది, ఎందుకలా జరిగింది, ఎవరు ఏ తేదీలోగా సరిచేస్తారు అన్నవి రాయండి. ఉద్యోగి పేరు రాయకండి, పద్ధతిని పట్టుకోండి. నివేదికకు జతచేసే ఫొటోల్లో, స్క్రీన్‌షాట్లలో రోగుల పేర్లు కనిపించకుండా చేయండి, లేకపోతే మీ ఆడిట్ ఫైలే మరో లీకు అవుతుంది.

సరిచేశామని మెయిలు వచ్చినంత మాత్రాన లోపాన్ని మూసేయకూడదు, వెళ్లి చూడాలి. ఆ రఫ్ కాగితాల సెంటరుకు నెల తర్వాత పగటిపూట వెళ్తే, ప్రింటరు పక్కన కాగితాలు చింపే యంత్రం, మందుల కౌంటరులో కొత్త తెల్లకాగితాల ప్యాడ్లు కనిపించాయి. రాత్రి పదిన్నరకు మళ్లీ వెళ్లాను. యంత్రం ఉన్న గదికి తాళం వేసి ఉంది, చెడిపోయిన ప్రింటులు మళ్లీ పాత ట్రేలోనే పేరుకుంటున్నాయి. తాళంచెవి రాత్రి షిఫ్టుకు కూడా అందే ఏర్పాటు జరిగేదాకా ఆ లోపాన్ని జాబితాలో అలాగే ఉంచాను.