ఇంటర్నెట్ ఫోన్ సొంతంగా బిగించుకున్నాక వచ్చే చిక్కులు: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి మందు

ఇంటర్నెట్ ఫోన్‌లో ఒక్క కాల్ రెండు దారుల్లో నడుస్తుంది. ఎవరు చేస్తున్నారు, మోగించు, ఎత్తారు, పెట్టేశారు అనే సమాచారమంతా సిప్ (కాల్ కలిపి, తెంచే నియమాలు) సందేశాలుగా సర్వర్‌కు వెళ్లి వస్తుంది. దానికి సాధారణంగా యూడీపీ (ప్యాకెట్లు పంపే ఒక పద్ధతి) 5060 పోర్టు (నంబరు వేసిన ద్వారం) వాడతారు. మాట మాత్రం ఆర్‌టీపీ అనే పద్ధతిలో చిన్న ప్యాకెట్లుగా వేరే పోర్టుల్లో పోతుంది. చాలా సర్వర్లలో అవి 10000 నుంచి 20000 మధ్య ఉంటాయి. ఒక దారి బాగుండి రెండోది మూసుకుపోతే ఫోన్ మోగుతుంది కానీ మాట వినబడదు. అందుకే ఏ దారి చెడిందో తేల్చుకోకుండా సెట్టింగుల జోలికి వెళ్లకండి. మార్చేముందు ఆ స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఐదు సెట్టింగులు ఒకేసారి మారిస్తే ఫోన్ బాగైనా ఏది మార్చడం వల్ల బాగైందో తెలియదు.

ఇక్కడ చెప్పేది మన దగ్గర మామూలుగా కనిపించే అమరిక గురించి: ఫైబర్ కంపెనీ పెట్టిన ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె), దాని వెనక సొంత వైఫై రౌటర్, రౌటర్‌కు గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801 లాంటి ఏటీఏ (మామూలు ఫోన్‌ను ఇంటర్నెట్‌కు కలిపే పెట్టె), దానికి మామూలు ల్యాండ్‌లైన్ ఫోన్. ఏటీఏ బదులు నేరుగా ఐపీ ఫోన్ పెట్టుకున్నా చాలావరకు ఇదే వర్తిస్తుంది. ఓఎన్‌టీకే ఫోన్ పోర్టు ఉండి, ఫైబర్ కంపెనీ ఇచ్చిన నంబరే వాడుతుంటే సిప్ సెట్టింగులన్నీ కంపెనీ చేతిలో ఉంటాయి. వైరు, ఫోన్, కరెంటు సరిచూసుకుని, అవి బాగుంటే ఫిర్యాదు నమోదు చేయడమే మార్గం.

ఫోన్ ఎత్తితే డయల్ టోన్ లేదు

ముందు వైరు చూడండి. ఫోన్ తీగ చివర ఉండే చిన్న ఆర్‌జే11 పిన్ నెట్‌వర్క్ సాకెట్‌లోకి కూడా దూరుతుంది, అక్కడ పనిచేయదు. ఏటీఏ మీద ఫోన్ బొమ్మ ఉన్న పోర్టులోనే పెట్టాలి. రెండు ఫోన్ పోర్టులు ఉంటే, మీ ఖాతా ఏ పోర్టుకు ఇచ్చారో అందులోనే టోన్ వస్తుంది. కొన్ని ఏటీఏలు మీ ఖాతాతో సర్వర్‌లో నమోదు (రిజిస్టర్) అయ్యేదాకా డయల్ టోన్ ఇవ్వవు, కాబట్టి వైరు బాగుంటే తర్వాతి భాగం చూడండి.

ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ వైరింగ్ ఉంది కదా, దానికే కలిపేస్తే ప్రతి గదిలో ఫోన్ మోగుతుంది కదా అనుకునేవాళ్లు ఎక్కువ. అలా చేయొచ్చు. కానీ బయటి నుంచి వచ్చే తీగల జతను ముందు రోసెట్ పెట్టె (గోడకుండే ఫోన్ సాకెట్) దగ్గర పూర్తిగా విడదీయాలి. ఎక్స్ఛేంజ్ లైన్ ఇంకా బతికే ఉంటే అందులో సుమారు 48 వోల్టుల డీసీ ఉంటుంది, రింగ్ వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ. అది ఏటీఏ ఫోన్ పోర్టులోకి ఎదురొస్తే పోర్టు కాలిపోతుంది. ఒకే పోర్టుకు పాత గంట ఫోన్లు నాలుగైదు కలిపినా మోగించే శక్తి చాలదు. అప్పుడు గంట సన్నగా మోగడమో, అసలు మోగకపోవడమో జరుగుతుంది. రెండు ఫోన్లకు తగ్గించి చూడండి.

అమెరికా నుంచి తెచ్చుకున్న పెట్టె అయితే ప్లగ్గులో పెట్టేముందు అడాప్టర్ మీద రాసింది చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే సరే. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు కాలిపోతుంది. అవుట్‌పుట్ వోల్టేజీ సరిగ్గా అంతే ఉండి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండి, పిన్ ధ్రువత సరిపోయే అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

ఖాతా రిజిస్టర్ కావడం లేదు

ఏటీఏ ఐపీ అడ్రస్ కావాలి. హెచ్‌టీ801లో ఫోన్ ఎత్తి మూడుసార్లు స్టార్ నొక్కి, మెనూ మాట్లాడాక 02 నొక్కితే అడ్రస్ చదివి వినిపిస్తుంది. అదే నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టండి. స్టేటస్ పేజీ, లాగ్ (జరిగినవాటి చిట్టా) రెండూ చూడండి.

లాగ్‌లో 401 కనబడగానే కంగారు పడొద్దు. పాస్‌వర్డ్ చూపించమని సర్వర్ అడగడమే 401, సవ్యంగా జరిగే రిజిస్ట్రేషన్‌లోనూ అది వస్తుంది. దాని తర్వాత 200 వస్తే పని అయినట్టే. 403 వస్తే, లేదా 401 మళ్లీ మళ్లీ వస్తుంటే ఖాతా వివరాల్లోనే తప్పుంది. సిప్ యూజర్ ఐడీ, అథెంటికేషన్ ఐడీ రెండూ ఒకటే కానక్కర్లేదు, ఫోన్ నంబరు ఇచ్చిన కంపెనీ పంపిన మెయిల్‌లో విడివిడిగా చూడండి. పాస్‌వర్డ్ కాపీ చేసి అతికించినప్పుడు చివర ఖాళీ చేరిందేమో చూడండి, బయటికి కనబడని తప్పు ఇదే.

జవాబే రాకపోతే, లేదా 408 వస్తే, సందేశం సర్వర్‌దాకా చేరడం లేదన్నమాట. సర్వర్ పేరు, పోర్టు, యూడీపీనా టీసీపీనా టీఎల్‌ఎస్సా (ఇది గుప్తంగా పంపే పద్ధతి) అన్నది సరిచూడండి. టీఎల్‌ఎస్ అయితే సాధారణంగా పోర్టు 5061. పరికరంలో గడియారం తప్పుగా ఉంటే సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు పత్రం) చెల్లదని కనెక్షన్ తెగుతుంది, కాబట్టి ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చే) సర్వర్ పేరు ఉందో లేదో, టైమ్ జోన్ +5:30 ఉందో లేదో చూడండి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. తప్పు పాస్‌వర్డ్‌తో ఏటీఏ పదేపదే ప్రయత్నిస్తే సర్వర్ మీ ఐపీ అడ్రస్‌ను కొంతసేపు నిషేధిస్తుంది. ఆ తర్వాత సరైన పాస్‌వర్డ్ పెట్టినా జవాబు రాదు. అవే వివరాలు మొబైల్‌లో ఒక సాఫ్ట్‌ఫోన్ (ఇంటర్నెట్ ఫోన్‌లా పనిచేసే) యాప్‌లో పెట్టి, వైఫై ఆపి, సిమ్ డేటాతో ప్రయత్నించండి. అక్కడ రిజిస్టర్ అయితే వివరాలు సరైనవే, అడ్డంకి మీ ఇంటి ఇంటర్నెట్ వైపుంది. నిషేధం ఎత్తేయమని నంబరు ఇచ్చిన కంపెనీని అడగండి.

మనం చేస్తే వెళ్తుంది, మనకు వచ్చే కాల్ మాత్రం మోగదు

రీస్టార్ట్ చేసిన కాసేపు వస్తాయి, తర్వాత ఆగిపోతాయి, ఫోన్ ఎత్తి ఒక కాల్ చేశాక మళ్లీ కాసేపు వస్తాయి. ఈ వరుస కనిపిస్తే కారణం రౌటర్ నాట్ పట్టికే (ఇంటి లోపలి అడ్రస్‌లను బయటి ఒక్క అడ్రస్‌తో కలిపే చిట్టా). ఏటీఏ బయటికి మాట్లాడినప్పుడు రౌటర్ ఒక ద్వారం తెరుస్తుంది. కాసేపు ఏ ప్యాకెట్టూ పోకపోతే మూసేస్తుంది. యూడీపీకి ఆ గడువు కొన్ని రౌటర్లలో 30 సెకన్లే. రిజిస్ట్రేషన్ గంటకోసారి జరిగేలా పెట్టి ఉంటే, మధ్యలో వచ్చే కాల్ మూసిన తలుపు దగ్గరే ఆగిపోతుంది.

ఏటీఏలో నాట్ ట్రావర్సల్ అనే చోట కీప్-అలైవ్ (ద్వారం మూసుకోకుండా అప్పుడప్పుడు చిన్న ప్యాకెట్ పంపడం) ఎంచుకుని విరామం 20 సెకన్లు పెట్టండి. రిజిస్ట్రేషన్ గడువు 5 నిమిషాలకు తగ్గించండి. ఇంత మాత్రానికి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని నేరుగా లోపలి పరికరానికి పంపే ఏర్పాటు) అక్కర్లేదు. 5060 పోర్టు తెరవమని చాలాచోట్ల సలహా ఇస్తారు. అది పాటిస్తే ఏం జరుగుతుందో చివర్లో చెప్తాను.

మోగుతుంది, ఎత్తుతారు, ఒకవైపే వినబడుతుంది

సొంతంగా బిగించుకున్నవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే, కాబట్టి దీన్ని నిదానంగా చూద్దాం. మనం చెప్పేది వాళ్లకు వినబడి, వాళ్లది మనకు వినబడకపోవడమే మామూలు. మన ఏటీఏ కాల్ మొదట్లో ‘మాట ఈ అడ్రస్‌కు పంపు’ అని సిప్ సందేశంలో రాస్తుంది. అందులో 192.168 తో మొదలయ్యే ఇంటి లోపలి అడ్రస్ ఉంటే, బయటి సర్వర్‌కు ఆ అడ్రస్‌కు దారి ఉండదు.

మంచి కంపెనీల సర్వర్లు ఈ తేడాను గుర్తుపట్టి, మాట ఎక్కడి నుంచి వస్తోందో అక్కడికే తిరిగి పంపుతాయి. చిక్కు తెచ్చేది రౌటర్‌లోని సిప్ ఏఎల్‌జీ అనే సౌకర్యం. సాయం చేద్దామని అది సందేశం లోపలి అడ్రస్‌ను తనంతట తాను తిరగరాస్తుంది, చాలాసార్లు సగమే రాసి వదిలేస్తుంది. అప్పుడు సర్వర్‌కు సరిదిద్దే వీలుండదు. రౌటర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో నాట్, సెక్యూరిటీ లేదా ఏఎల్‌జీ పేరుతో ఉన్న పేజీలో సిప్ దగ్గర టిక్ తీసేయండి. మైక్రోటిక్ రౌటర్ అయితే ఐపీ, ఫైర్‌వాల్, సర్వీస్ పోర్ట్స్‌లో సిప్ ఉంటుంది. తీసేశాక రౌటర్, ఏటీఏ రెండూ రీస్టార్ట్ చేయాలి, లేకపోతే పాత కనెక్షన్లే నడుస్తుంటాయి. ఓఎన్‌టీ కూడా రౌటర్‌గా పనిచేస్తుంటే దాంట్లోనూ తీసేయాలి. ఆ సెట్టింగ్ మీకు కనబడకుండా తాళం వేసి ఉంటే, సర్వర్ ఒప్పుకుంటే టీఎల్‌ఎస్‌కు మారండి. సందేశం గుప్తంగా పోతుంది కాబట్టి ఏఎల్‌జీ దాన్ని చదవలేదు, మార్చలేదు.

అప్పటికీ కుదరకపోతే రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (బయటి వైపు అడ్రస్) చూడండి. 192.168 తో మొదలైతే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి నాట్ చేస్తున్నాయి. మీ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు (నాట్ చేయకుండా వైఫై మాత్రం ఇచ్చే పద్ధతి) మార్చండి, లేదా ఓఎన్‌టీని బ్రిడ్జ్ చేయమని (రౌటర్ పని మాన్పించమని) ఫైబర్ కంపెనీని అడగండి. 100.64 నుంచి 100.127 లోపు అంకెలుంటే ఫైబర్ కంపెనీయే మిమ్మల్ని ఉమ్మడి నాట్ వెనక పెట్టింది. అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా ఫలితం ఉండదు. కీప్-అలైవ్, సర్వర్ వైపు సర్దుబాటు చాలకపోతే స్టాటిక్ ఐపీ (మీకొక్కరికే ఇచ్చే, మారని బయటి అడ్రస్) తీసుకోవాలి. స్టన్ (పరికరం తన బయటి అడ్రస్‌ను తానే తెలుసుకునే పద్ధతి) అనే సెట్టింగ్ నంబరు ఇచ్చిన కంపెనీ చెప్తేనే పెట్టండి. సర్వర్ సర్దుబాటుకు తోడు ఇది కూడా పెడితే ఒక్కోసారి బాగున్నది కూడా చెడుతుంది.

కాల్ ఎప్పుడూ ఒకే సమయానికి తెగిపోతుంది

గడియారం పట్టుకుని చూడండి, కారణం అంకెల్లోనే దొరుకుతుంది. దాదాపు 32 సెకన్లకు తెగితే, ‘ఎత్తారు’ అన్న సందేశానికి రావాల్సిన ఏసీకే (‘అందింది’ అనే జవాబు) చేరలేదు. సిప్ నియమాల ప్రకారం దాని కోసం ఎదురుచూసే గడువు అంతే. మాట బాగా వినబడుతూనే తెగుతుంది కాబట్టి ఇంటర్నెట్ మీద అనుమానం రాదు. ఇక్కడా నేరస్థుడు చాలావరకు సిప్ ఏఎల్‌జీయే.

15 లేదా 30 నిమిషాలకు తెగితే అది సెషన్ టైమర్ వ్యవహారం. మామూలు గడువు 1800 సెకన్లు, అందులో సగానికి ‘ఇంకా ఉన్నావా’ అని ఒక పలకరింపు వెళ్తుంది. దానికి జవాబు అందకపోతే కాల్ ముగిస్తారు. కీప్-అలైవ్ సరిచేసి చూడండి, ఆ తర్వాతే సెషన్ టైమర్ ఆపండి.

మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది

100 ఎంబీ ప్లాన్ ఉండగా ఇలా ఎందుకని అడుగుతారు. జీ.711 కోడెక్‌తో (మాటను అంకెలుగా మార్చే పద్ధతి) ఒక కాల్‌కు ఒక్కో వైపు 90 కేబీపీఎస్ కూడా పట్టదు. లోపం వేగంలో లేదు, వరుసలో నిలబడటంలో ఉంది. సీసీ కెమెరాలు క్లౌడ్‌కు వీడియో పంపుతున్నా, మొబైల్ ఫోటోలు బ్యాకప్ అవుతున్నా అప్‌లోడ్ నిండి మాట ప్యాకెట్లు వెనకబడతాయి. మీ మాటే వాళ్లకు తెగుతూ, వాళ్లది మీకు బాగుంటే అనుమానించాల్సింది అప్‌లోడ్‌నే.

కేబుల్‌తో కలిపిన కంప్యూటర్ నుంచి రెండు విండోల్లో ఆగకుండా పింగ్ (ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం కొలిచే ఆదేశం) పెట్టండి, ఒకటి మీ రౌటర్‌కు, ఒకటి బయటి సర్వర్ 8.8.8.8 కు. రౌటర్‌దే ఎగిరెగిరి పడుతుంటే కేబుల్ లేదా స్విచ్ చూడండి. రౌటర్‌ది 1 మిల్లీసెకనులో నిలకడగా ఉండి, బయటిది అప్‌లోడ్ మొదలవగానే 15 నుంచి 300 కు ఎగబాకితే రౌటర్‌లో క్యూఓఎస్ (ముఖ్యమైన ప్యాకెట్లను ముందు పంపే సౌకర్యం) ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని నిజంగా కొలిచిన వేగంలో 85–90 శాతానికి పెట్టండి. ప్లాన్ కాగితం మీది అంకె పెట్టొద్దు. ఏటీఏ అడ్రస్‌కు పెద్ద ప్రాధాన్యం ఇవ్వండి. ఐపీ ఫోన్ వైఫై మీద ఉంటే కేబుల్‌కు మార్చండి. ఇది చాలాసార్లు మిగతా పనంతా తప్పిస్తుంది.

ముక్కలు లేకుండా, ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడేసుకుంటుంటే అది ఆలస్యం. ఒకవైపు 150 మిల్లీసెకన్లు దాటితే సంభాషణ ఇబ్బందిగా ఉంటుంది. అమెరికా సర్వర్‌కు కట్టిన ఏటీఏ హైదరాబాద్‌లో పెడితే దూరమే ఆ గడువులో ఎక్కువ భాగం తినేస్తుంది, సెట్టింగులతో అది పోదు.

చిన్నవే గానీ చిరాకు పెట్టేవి

బ్యాంకు ఐవీఆర్‌లో (రికార్డు గొంతు అంకెలు నొక్కమనే చోట) నొక్కిన అంకెలు పట్టవు: డీటీఎంఎఫ్ (నొక్కిన అంకెలను పంపే) పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 2833, పేలోడ్ 101 పెట్టండి. ఇన్-బ్యాండ్ (అంకెను మాటతో పాటే శబ్దంగా పంపే) పద్ధతి కూడా ఆన్‌లో ఉంటే తీసేయండి, లేకపోతే ఒక అంకె రెండుసార్లు పడుతుంది.

మన గొంతు మనకే తిరిగి వినబడుతుంది: ప్రతిధ్వని చాలావరకు అవతలి చివర పుడుతుంది. అందరికీ చేసినప్పుడు వస్తే మీ లైన్‌లో ఆలస్యం ఎక్కువుందేమో చూడండి. అవతలివాళ్లకు వాళ్ల గొంతే వినబడితే మీ ఏటీఏలో గెయిన్ (శబ్దం స్థాయి) తగ్గించి, ఇంపీడెన్స్ (ఫోన్ లైన్ నిరోధం) మార్చి చూడండి.

ఫోన్ తెరమీద నంబరు పడదు: కాలర్ ఐడీ పద్ధతి బెల్‌కోర్ నుంచి డీటీఎంఎఫ్‌కు, లేదా అటు నుంచి ఇటు మార్చండి. ఫోన్ ఏది కోరుతుందో దాని పెట్టె మీద ఉంటుంది.

నంబరు నొక్కాక నాలుగైదు సెకన్లు నిశ్శబ్దం: ఇంకా అంకెలొస్తాయేమో అని ఏటీఏ ఆగుతోంది. చివర హ్యాష్ నొక్కితే వెంటనే వెళ్తుంది. శాశ్వతంగా పోవాలంటే డయల్ ప్లాన్ (ఎన్ని అంకెలు నిండితే కాల్ పంపాలో చెప్పే నియమాలు) రాయాలి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు ముందు 0 కొట్టాలి. హైదరాబాద్ 040 తర్వాత 8 అంకెలు, విజయవాడ 0866 తర్వాత 7, మొబైల్ 0 తర్వాత 10. అన్నీ 11 అంకెలే. కాబట్టి 0 తో మొదలై 11 అంకెలు నిండగానే పంపమని ఒక నియమం, 112 కు విడిగా ఒక నియమం రాయండి. 0 లేకుండా కొట్టే స్థానిక నంబర్లు, 1800 నంబర్లు వాడుతుంటే వాటికీ నియమాలు ఉండాలి. మీ కంపెనీ 0 బదులు 91 అడిగితే ఆ మార్పు డయల్ ప్లాన్‌లోనే చేయించండి.

అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది, ఎత్తితే ఎవరూ ఉండరు

తెర మీద 100, 1001 లాంటి నంబర్లు కనబడితే అవి మనుషులు చేసిన కాల్స్ కావు. తెరిచి ఉన్న 5060 పోర్టుల కోసం ఇంటర్నెట్ అంతా వెతికే ప్రోగ్రాములు నేరుగా మీ ఏటీఏ తలుపు తడుతున్నాయి. వాటికి కావాల్సింది మీ ఖాతాతో ఖరీదైన అంతర్జాతీయ కాల్స్ చేసుకోవడం. నిద్ర చెడడం ఒక్కటే కాదు, బిల్లు కూడా మీకే వస్తుంది.

రౌటర్‌లో 5060 కు ఉన్న ఫార్వర్డింగ్, ఏటీఏను డీఎంజెడ్‌లో (బయటి ప్యాకెట్లన్నీ ఒకే పరికరానికి వదిలేసే ఏర్పాటు) పెట్టిన సెట్టింగ్ రెండూ తీసేయండి. ఏటీఏలో సిప్ ప్రాక్సీ (మీ నంబరు కంపెనీ సర్వర్) నుంచి వచ్చే సందేశాలే అంగీకరించు అనే ఎంపిక ఆన్ చేయండి. లోకల్ సిప్ పోర్టును 5060 నుంచి 40000 పైన ఏదో ఒక అంకెకు మార్చండి. పరికరం అడ్మిన్ పాస్‌వర్డ్, సిప్ పాస్‌వర్డ్ రెండూ మార్చండి. విదేశాలకు కాల్ చేసే పని లేకపోతే ఐఎస్‌డీ కంపెనీ వైపునుంచే మూయించండి, ప్రీపెయిడ్ అయితే నిల్వ తక్కువ ఉంచండి.

విదేశీ ఇంటర్నెట్ కాల్స్‌ను మీ ఇంట్లోని సిమ్ పెట్టె ద్వారా లోకల్ కాల్స్‌గా మళ్లిస్తే నెలకింత ఇస్తాం అని ఎవరైనా వస్తే ఒప్పుకోవద్దు. అది నేరం, ఆ సిమ్ పెట్టె ఎవరింట్లో ఉంటే వాళ్ల మీద కూడా కేసు పడుతుంది. నంబరు లైసెన్స్ ఉన్న టెలికాం కంపెనీ నుంచే తీసుకోండి.

కరెంటు పోతే ఫోనూ పోతుంది

పాత రాగి లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చేది. ఇక్కడ ఓఎన్‌టీ, రౌటర్, ఏటీఏ మూడింటికీ మీరే ఇవ్వాలి. ఒక్కటి ఆరినా ఫోన్ పనిచేయదు. ఓఎన్‌టీ, రౌటర్ చాలావరకు 12 వోల్టులవే, చిన్న డీసీ యూపీఎస్ సరిపోతుంది. కానీ ఏటీఏ 5 వోల్టులదైతే దాన్ని 12 వోల్టుల పిన్‌కు పెట్టొద్దు, 5 వోల్టుల అవుట్‌పుట్ కూడా ఉన్న యూపీఎస్ తీసుకోండి. ఒకే వోల్టేజీ ఉన్న అడాప్టర్ల ఆంపియర్లు కూడి, యూపీఎస్‌లో ఆ వోల్టేజీ అవుట్‌పుట్ అంతకంటే ఎక్కువ ఉండేలా చూసుకోండి. కరెంటు వచ్చాక ఏటీఏ ముందే లేచి, ఓఎన్‌టీకి లైను రాకముందే ప్రయత్నించి ఊరుకుంటే, రిజిస్ట్రేషన్ విఫలమైతే మళ్లీ ప్రయత్నించే విరామం 20 లేదా 30 సెకన్లు పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే 112 కోసం ఛార్జ్ చేసిన మొబైల్ ఒకటి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.