గాజు మీద సాలీడు నడక: సీసాలో చూసే పద్ధతి

సాలీళ్ళన్నీ గాజు ఎక్కలేవు. విజయనగరం, శ్రీకాకుళం వైపు పెంకుటిళ్ళలో దొరికే రెండు రకాల్ని పక్కపక్కన పెడితే తేడా కళ్ళకి కనబడిపోతుంది. కిటికీ మీద పొంచి ఈగ మీదకి దూకే పొట్టి సాలీడు ఒకటి. వాసాల మూల వదులుగా గూడు కట్టి తలకిందులుగా వేలాడే సన్నకాళ్ళది రెండోది.

వెడల్పు మూతి గాజు సీసాలు రెండు, పోస్టుకార్డు, బొమ్మలేసే మెత్తని బ్రష్షు, పది రెట్లు చూపే భూతద్దం చాలు. ఆవకాయ సీసా అయితే సబ్బుతో రెండుసార్లు కడిగి ఎండలో ఆరబెట్టండి. నూనె జిడ్డు మిగిలితే పొట్టిదానికీ పట్టు చిక్కదు. చెమ్మ ఉన్నా తేడా తెలియదు, ముసురు రోజున మొదలెట్టకండి.

సాలీడు మీద సీసా బోర్లించి, కిందనుంచి కార్డు జరపండి. సన్నకాళ్ళదాన్ని చేత్తో పట్టుకుంటే కాలు ఊడొస్తుంది, బ్రష్షుతో లోపలికి తోయాలి. పొట్ట కింద తెల్లని బిళ్ళలా గుడ్ల సంచి మోసే పెద్ద గోడసాలీడు కనిపిస్తే మాత్రం దాని జోలికి పోవద్దు.

సీసాలు నిలబెట్టండి. పొట్టిది నేరుగా మూత దాకా నడిచిపోతుంది. సన్నకాళ్ళది కాళ్ళాడిస్తూ జారుతుంది. పది నిమిషాల్లో చూడడం ముగించాలి. రాత్రంతా వదిలేస్తే అది దారాలు వేసుకుని వాటి మీదుగా పైకెళ్ళొచ్చు, అదీ గాజు ఎక్కగలదని మీరు పొరబడతారు.

పొట్టిది గాజు మీద ఆగినప్పుడు బయటినుంచి పాదం చూడండి. రెండు గోళ్ళ కింద నల్లటి కుచ్చు ఆనుకుని ఉంటుంది. అందులోని ఒక్కో వెంట్రుకకీ ఇంకా సన్నటి నూగు. అది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకే అందుతుంది. యూరప్‌లో ఉండే ఎవార్కా ఆర్క్యువాటా అనే దూకే రకం సాలీడుకి ఎనిమిది కాళ్ళకీ కలిపి దాదాపు 6,24,000 నూగు కొనలున్నాయని 2004లో లెక్కగట్టారు. అన్నీ ఒకేసారి ఆనితే దాని బరువుకి 173 రెట్లు ఆపగలవట! ఇందులో జిగురు లేదు. కొనలు గాజుకి మరీ దగ్గరగా ఆనడంవల్ల అణువుల మధ్య వాండర్‌వాల్స్ ఆకర్షణ పనిచేస్తుంది, అంతే. గోడమీది బల్లిదీ ఇదే కిటుకు. సన్నకాళ్ళదానికి ఆ కుచ్చు లేదు. బదులుగా మూడో గోరు ఉంది, దారం పట్టుకోడానికి.

ఇంకొకటి చెయ్యొచ్చు. పొట్టిదాని సీసా లోపల ఒక పక్క చిటికెడు బియ్యప్పిండి పలచగా రుద్దండి. కొనలకీ గాజుకీ మధ్య పిండి అడ్డుపడి కాలు జారుతుంది. ఆగి, పాదాన్ని నోట్లో పెట్టి శుభ్రం చేసుకుంటుందేమో గమనించండి. సున్నం పొడిపొడిగా రాలే గోడల మీద కూడా ఇదే ఇబ్బంది.

సీసాని ఎండలో ఉంచొద్దు, వేడికి చచ్చిపోతుంది. పని అవగానే పట్టిన చోటే వదిలేయండి.