తిరుపతి నుంచి వండర్‌లా: గదులు, క్యాబుల ఖర్చు ఇలా తగ్గింది

బెంగళూరు దగ్గర బిడదిలోని వండర్‌లా వినోద పార్కుకు ఇంటిల్లిపాదీ వెళ్తే గదులు, క్యాబులే జేబు ఖాళీ చేస్తాయి. చిక్కంతా బెంగళూరు నడిబొడ్డున మెజెస్టిక్‌ బస్టాండులో దిగడంతోనే మొదలవుతుంది. పార్కు ఊరికి అవతల, మైసూరు రోడ్డులో, దాదాపు 28 కిలోమీటర్ల దూరాన ఉంది మరి.

నేను మార్చింది దిగే చోటు. చిత్తూరు, కోలారు మీదుగా వెళ్లే బస్సులో ఊరి తూర్పు అంచున ఉన్న కె.ఆర్.పురంలోనే దిగి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే, రైలు మారకుండా పార్కు వైపున్న కెంగేరి చేరవచ్చు. 2023 అక్టోబరు నుంచి ఆ లైను కెంగేరి దాటి చల్లఘట్ట దాకా తెగకుండా నడుస్తోంది. గది కెంగేరి స్టేషను దగ్గర, ఒక్క రాత్రికే. అక్కడి నుంచి బిడదికి బస్సులుంటాయి.

రెండో రాత్రి గది దండగ. చెకౌట్ అయ్యాక సామాను సాయంత్రం దాకా ఉంచుతారా అని బుక్ చేసేముందే లాడ్జిలో అడగాలి. తిరుగుదారిలో అది తీసుకుని మెట్రోలో కె.ఆర్.పురం, అక్కణ్నుంచి రాత్రి బస్సు. టికెట్లో ఎక్కే చోటు కె.ఆర్.పురం అనే పెట్టండి. బస్సు పది తర్వాతిదైతే మంచిది. పార్కు మూసే వేళకి మైసూరు రోడ్డులో ట్రాఫిక్ ఎక్కువ. శుక్రవారం రాత్రి తిరుగు ప్రయాణం మాత్రం వద్దు, కొండకొచ్చే భక్తులతో బస్సులు నిండిపోతాయి.

పిల్లల టికెట్టుకు ఎత్తే లెక్క, వయసు కాదు, ఇంట్లోనే కొలుచుకోండి. నీటి రైడ్లకు నూలు బట్టలు ఒప్పుకోరు. నైలాన్ బట్టలు ఇంటి నుంచే తీసుకెళ్లండి.