పెద్దలకు అండగా – మూడో పాఠం: ఆర్డీవోకు అర్జీ రాయడం

పోయిన పాఠంలో పిల్లలు సరిగా చూసుకోని పెద్దామెతో, ఇంట్లోవాళ్లు పక్కన లేనప్పుడు కూర్చుని మాట్లాడటం, ఆమె చెప్పింది చెప్పినట్టు తేదీలతో రాసుకోవడం నేర్చుకున్నాం. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈ పాఠానికి సరుకంతా అందులోనే ఉంది.

ఒంటి మీద దెబ్బలుంటే, గదిలో పెట్టి తాళం వేస్తే, తిండి ఆపేస్తే అర్జీ రాస్తూ కూర్చోవద్దు, వెంటనే 112కి ఫోన్ చేయండి. అంత ప్రమాదం లేకుండా ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది. ఆ ఫోన్‌కు డబ్బులు పడవు.

పిల్లల నుంచి నెలనెలా పోషణ ఖర్చు ఇప్పించమని మనం రాసే అర్జీ తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 కింద. ఆ అర్జీలు విచారించే ట్రిబ్యునల్ ఎక్కడో లేదు, మన డివిజన్ ఆర్డీవో దగ్గరే ఉంటుంది. వకీలును పెట్టుకోనక్కర్లేదు. సొంత సంపాదనతో, ఆస్తితో బతుకు గడవని 60 ఏళ్లు నిండినవారెవరైనా అడగవచ్చు. తల్లిదండ్రులైతే వయసుతో పని లేదు, సవతి తల్లి కూడా తల్లే. పిల్లలు లేనివారు తమ ఆస్తి అనుభవిస్తున్న, లేదా రేపు తమ ఆస్తికి వారసుడయ్యే బంధువును అడగవచ్చు. మంచం దిగలేని మనిషి తరఫున, ఆమె ఒప్పుకుని అధికారమిస్తే, మీరే వేయవచ్చు. కొడుకు బెంగళూరులో, తల్లి తెనాలిలో ఉంటే తెనాలి ఆర్డీవోకే ఇవ్వవచ్చు, ఆమె బెంగళూరు వెళ్లనక్కర్లేదు. భారత పౌరసత్వం ఉన్న పిల్లలు విదేశాల్లో ఉన్నా ఈ చట్టం వర్తిస్తుంది.

కలం పట్టేముందు ఒక గండం దాటాలి. "నా బిడ్డ మీద కేసు పెట్టమంటావా?" అని ఆమె అడుగుతుంది. చాలా అర్జీలు ఆ మాట దగ్గరే ఆగిపోతాయి. ఉన్నదున్నట్టు చెప్పండి: ఇది క్రిమినల్ కేసు కాదు, నెలకు ఇంత ఇవ్వమని అడిగే అర్జీ. ఆదేశం వచ్చాక కూడా కావాలని ఇవ్వకపోతేనే వారెంటు, జైలు మాట వస్తుంది. ఇంత చెప్పినా ఆమె వద్దంటే రాయకండి. బలవంతాన వేయించిన అర్జీ మొదటి వాయిదాలోనే "మావాడు బాగానే చూస్తున్నాడు" అన్న ఒక్క మాటతో పోతుంది.

ఇక రాయడం. పైన చట్టం పేరు, సెక్షన్ 5 అని తప్పకుండా వేయండి. సోమవారం కలెక్టరేటులో ఇచ్చే మామూలు ఫిర్యాదుగా కనిపిస్తే ఆ కాగితం ఆఫీసుల మధ్య తిరుగుతూనే ఉండొచ్చు. తర్వాత విషయం. సాధారణంగా ఇలా రాస్తారు:

"నా కొడుకులు నన్ను సరిగా చూడటం లేదు. దయచేసి న్యాయం చేయగలరు."

దీనికి కొడుకులు "బాగానే చూస్తున్నాం సార్" అంటే అయిపోయింది. ఇలా రాసి చూడండి (ఉదాహరణకే):

"నా వయసు 74. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. గత దసరా తర్వాత పెద్దవాడు నా గదికి కరెంటు తీయించాడు. బీపీ, షుగరు మందులకు నెలకు 1,850 రూపాయలవుతుంది, మూడు నెలలుగా ఎవరూ కొనివ్వలేదు. ఒకటో తేదీన వచ్చే పింఛను చిన్నవాడు తీసుకుంటున్నాడు. కూతురు పండగలకు బట్టలు పెడుతుంది, అప్పుడప్పుడు 500 ఇస్తుంది."

ఇందులో తిట్టు లేదు, ఏడుపు లేదు. కానీ ప్రతి వాక్యానికీ కొడుకులు అవునో కాదో చెప్పి తీరాలి. కూతురి సంగతి కూడా రాశాం చూడండి. ఒక్కడి పేరే రాస్తే అతను మిగతావాళ్లనూ చేర్చమని అడగవచ్చు, చట్టం ఆ హక్కు ఇచ్చింది. అప్పుడు మళ్లీ నోటీసులు, మళ్లీ ఆలస్యం.

అడిగే మొత్తానికి లెక్క చూపండి. బియ్యం, సరుకులు 3,000, మందులు 1,850, గ్యాసు, కరెంటు 650, పనిమనిషికి 1,500, మొత్తం 7,000. చట్టంలో నెలకు పైమితి 10,000. డబ్బు కాకుండా ఆమెకు కావలసింది, అంటే కరెంటు తిరిగి ఇవ్వడం, పింఛను ఆమె చేతికే రావడం, విడిగా రాయండి. చాలామంది మరిచిపోయే వాక్యం ఒకటుంది: "విచారణ ముగిసేలోగా మధ్యంతర పోషణ ఇప్పించగలరు." ఇది లేకపోతే తీర్పు వచ్చేదాకా మందుల షాపు అప్పు ఆగదు.

తీర్పుకు గడువు 90 రోజులు, తప్పనిసరైతే ఇంకో 30. అయితే ఆ లెక్క అర్జీ ఇచ్చిన రోజు నుంచి కాదు, పిల్లలకు నోటీసు అందిన రోజు నుంచి. కాబట్టి అర్జీలో అన్నిటికంటే విలువైన వరుస పిల్లల చిరునామా. ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడ్, ఉద్యోగముంటే ఆఫీసు చిరునామా, ఫోన్ నంబరు అన్నీ రాయండి.

ఆధార్, మందుల చీటీలు, బిల్లులు, ఆస్తి కాగితాలు అన్నీ నకళ్లే జత చేయండి. అసలు పత్రాలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. మీ దగ్గరుంచుకునే ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకోనిదే బయటికి రాకండి.

నోటీసు ఇంటికొచ్చే రోజు గడ్డు రోజు. కోపమంతా ఆమె మీదకే వస్తుంది. ఆ వారం చెల్లెలి ఇంట్లోనో, నమ్మకమైన పొరుగింట్లోనో ఉండే ఏర్పాటు ముందే చేయండి. పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచండి.

తర్వాత ట్రిబ్యునల్ అర్జీని రాజీ అధికారి దగ్గరకు పంపవచ్చు, అది ఒక నెలలో తేలాలి. "ఇంటి పరువు, సర్దుకోండి" అని నలుగురూ అంటారు. సర్దుకోవడం తప్పు కాదు, కానీ నోటి మాట చాలదు. ఎవరు, ఎంత, ఏ తేదీకి, ఏ ఖాతాలో వేస్తారో కాగితం మీదికి రావాలి. ఆదేశం వచ్చాక డబ్బు ఆగితే, ఇవ్వాల్సిన తేదీ నుంచి మూడు నెలల్లోపు మళ్లీ అర్జీ పెట్టాలి. ఆ గడువు దాటితే ఆ నెల బాకీకి వారెంటు రాదు. గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టండి.

ఈ వారం అభ్యాసం: మీ నోట్సులోంచి తేదీ, అంకె ఉన్న అయిదు వాక్యాలు తీసి అర్జీ రాయండి. పెద్దామెకు నెమ్మదిగా చదివి వినిపించండి. "అట్లా కాదు నాయనా" అన్న చోటల్లా దిద్దండి. ఆమె సరే అన్నాకే సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకుని, కింద రాసినవారిగా మీ పేరు, ఫోన్ నంబరు వేయండి.

వచ్చే పాఠంలో ఇల్లు కొడుకు పేర రాసిచ్చేసిన తల్లి సంగతి: సెక్షన్ 23, దానపత్రంలో ఉండాల్సిన షరతు.