ఒకే మోడల్ పామ్‌టాప్‌లు రెండు, ఒకటే ఎందుకు నత్తలా నడుస్తోంది?

పలాసలో మా మావయ్యకి జీడిపప్పు వ్యాపారం. ఎప్పుడో కొన్న హెచ్‌పీ 200ఎల్‌ఎక్స్ పామ్‌టాప్‌లోనే, అంటే అరచేతిలో పట్టే చిన్న డాస్ కంప్యూటర్లోనే, ఈరోజుకీ లోటస్ 1-2-3 (ఎక్సెల్ లాంటి పాత ప్రోగ్రాం) షీట్లలో లెక్కలు రాస్తాడు, ఫోన్లో రాసుకోవచ్చు కదా అంటే వినడు. ఈమధ్య నేను సెకండ్ హ్యాండ్‌లో అదే మోడల్ ఇంకోటి తెప్పించి, ఆయన షీటే అందులో తెరిచి చూపించాను. ఆయన మొహం మాడిపోయింది. "ఏట్రా, నాది ముసల్దైపోనాదేటి?" అన్నాడు. నాదాంట్లో టక్కున అయిపోయే పని ఆయనదాంట్లో గుర్రు పెడుతోంది మరి.

ఆయనదాన్ని శ్రీకాకుళం తెచ్చుకుని ఒక ఆదివారమంతా రెండిటినీ ముందేసుకుని కూర్చున్నాను. మీకూ ఇలాంటి జత ఉంటే గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: తేడా అందులో గుచ్చే మెమరీ కార్డులో ఉండొచ్చు, లోడ్ చేసుకున్న ప్రోగ్రాముల్లో ఉండొచ్చు, మెషిన్లోనే ఉండొచ్చు. దీనిది దానికీ దానిది దీనికీ మార్చి చూడండి, కానీ ఒకసారికి ఒక్కటే. రెండు కలిపి మార్చారా, సాయంత్రానికి బుర్ర వేడెక్కడం తప్ప ఏమీ తేలదు.

ముట్టుకునే ముందు డేటా కాపీ తీసుకోండి. ఇందులో సి డ్రైవ్ అంటే హార్డ్ డిస్క్ కాదు, ర్యామ్. కరెంటు పోతే అందులో ఉన్నదంతా పోతుంది. రెండు పెన్సిల్ సెల్సూ, లోపలి సీఆర్2032 బటన్ సెల్లూ ఒకేసారి ఎప్పుడూ తీయకండి. ముందు ఒకటి మార్చి, అది సరిగ్గా కూర్చున్నాక రెండోది.

తర్వాత కొలవండి. "స్లోగా అనిపిస్తోంది" అంటే కుదరదు. లోటస్‌లో ఒక నిలువు వరుసలో వెయ్యి గడులు, ఒక్కోటీ పై గడి మీద ఆధారపడే లెక్కతో నింపి, రీకాలిక్యులేషన్ మాన్యువల్‌లో పెట్టి (మనం చెప్పినప్పుడే మళ్లీ లెక్క వేసేలా), ఎఫ్9 కొట్టి చేతి వాచీతో టైమ్ చూడండి. మెషిన్ గడియారంతో కొలవొద్దు, అనుమానం మెషిన్ మీదే కదా. రెండో పరీక్షగా కార్డు, అంటే ఎ డ్రైవ్, మీద డిర్ (ఫైళ్ల జాబితా చూపే డాస్ కమాండ్) కొట్టి ఎంతసేపు పడుతోందో చూడండి, ఒక పెద్ద ఫైలు కార్డు నుంచి సి డ్రైవ్‌కి కాపీ చేసి అది కూడా రాసుకోండి. మొదటిది ప్రాసెసర్ సంగతి చెబుతుంది, రెండోది కార్డు సంగతి.

ఇప్పుడు కార్డులు అటూ ఇటూ మార్చండి. స్లోనెస్ కార్డుతో పాటు వెళ్లిపోతే మెషిన్ తప్పు లేదు. మావయ్య విషయంలో సగం గొడవ ఇక్కడే తేలింది. డాస్‌లో డిర్ కొడితే చివర్లో ఖాళీ ఎంత ఉందో చెప్పాలి కాబట్టి మొదటిసారి అది మొత్తం ఫ్యాట్ పట్టికని, అంటే కార్డులో ఏ చోటు నిండిందో ఏది ఖాళీయో రాసుకునే పట్టికని, చదువుతుంది. ఫ్యాట్16 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెద్ద కార్డు పెడితే ఆ పట్టికలో అరవై వేలకు పైగా గడులు ఉండొచ్చు, 8 మెగాహెర్ట్జ్ కూడా లేని ప్రాసెసర్‌కి అది చిన్న పని కాదు. పైగా ఆయన కొన్నేళ్ల బిల్లులన్నీ ఒకే డైరెక్టరీలో కుక్కేశాడు, ఒక్క ఫైలు వెతకాలన్నా డాస్ మొదటి నుంచీ తడుముకుంటూ పోవాలి. అది చాలదన్నట్టు కార్డు మీద స్టాకర్ కూడా ఉంది. కార్డులు బాగా ఖరీదుగా ఉన్న రోజుల్లో చోటు కలిసొస్తుందని వేసుకున్న కంప్రెషన్ అది, చదివిన ప్రతిసారీ ప్రాసెసర్ విప్పుకోవాలి, రాసిన ప్రతిసారీ మడత పెట్టాలి. మొత్తం పీసీలోకి కాపీ చేసి, కంప్రెషన్ లేని కొత్త కార్డులో ఏడాదికో డైరెక్టరీ చేసి సర్దేశాను.

కార్డు మార్చినా తేడా పోకపోతే సి డ్రైవ్‌లో ఉన్న కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ ఫైళ్లు (మెషిన్ లేవగానే చదివే సెట్టింగులు) రెండు మెషిన్లలోవీ పక్కపక్కన పెట్టి చదవండి. బఫర్స్ (చదివిన డేటాని కాసేపు దాచుకునే మెమరీ) అంకె ఒకదాంట్లో మరీ తక్కువగా ఉందా, మెమరీలో తిష్ట వేసుక్కూర్చునే చిన్న ప్రోగ్రాములు ఎన్ని ఉన్నాయి అని. స్లో మెషిన్లో ఆ రెండు ఫైళ్ల పేర్లు మార్చి కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కొడితే రోమ్‌లో, అంటే కంపెనీ వాళ్లే రాసిపెట్టిన చెరగని మెమరీలో, ఉన్న మామూలు సెట్టింగ్‌తో లేస్తుంది, అప్పుడు మళ్లీ కొలవండి. స్టాకర్ ఉన్న కార్డయితే ఇలా లేపినప్పుడు అందులో మీ ఫైళ్లు కనిపించవు. టెన్షన్ పడొద్దు, డ్రైవర్ లోడ్ కాలేదంతే, ఆ స్థితిలో కార్డు మీద మాత్రం ఏమీ రాయకండి.

చాలామంది ముందు సెల్స్ మీద పడతారు. సెల్స్ నీరసపడితే లో బ్యాటరీ అని మెసేజ్ వస్తుంది, ఆగిపోతుంది, అంతేగానీ లెక్క మెల్లగా చేయదు, ఎందుకంటే వేగం బోర్డు మీద ప్రాసెసర్‌కి తాళం వేసే క్రిస్టల్ మీద ఉంటుంది, సెల్ మీద కాదు. స్ప్రింగులకి పచ్చగా చిలుము పట్టి ఉంటే మాత్రం శుభ్రం చేయాల్సిందే, మన సముద్రపు గాలికి అది మామూలే. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర వాచీ రిపేరు అబ్బాయి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు నిమిషాల్లో చేసిపెట్టాడు. ఇంకోటి, సెటప్‌లో బ్యాటరీ రకం నికెల్ క్యాడ్మియం అని ఉండగా మామూలు ఆల్కలైన్ సెల్స్ వేసి అడాప్టర్ గుచ్చారంటే వాటినే చార్జ్ చేయబోతుంది, సెల్స్ లీకై బోర్డు పోవచ్చు.

ఇవన్నీ అయ్యాక ఫైళ్లు తెరవడంలో రెండూ సమానమయ్యాయి. కానీ ఎఫ్9 పరీక్షలో ఇంకా తేడా ఉంది, అదీ దాదాపు సరిగ్గా రెండింతలు. ఈ లెక్క వచ్చిందంటే సాఫ్ట్‌వేర్ని వదిలేయండి. 1994లో వచ్చిన ఈ మోడల్ మామూలు వేగం 7.91 మెగాహెర్ట్జ్. క్రిస్టల్ మార్పించి దాన్ని రెట్టింపు చేయించుకోవడం అప్పట్లో దీని అభిమానుల్లో బాగా నడిచింది, చేయించుకున్నా పైకి ఏ గుర్తూ కనిపించదు. నేను కొన్నది అలాంటిదే, అమ్మినవాడు చెప్పలేదు, బహుశా వాడికీ తెలీదు.

మావయ్యకి ఫోన్ చేసి చెప్పాను. "అంటే నాది స్లో కాదు, నీదానికే ఎవుడో మందెట్టినాడన్నమాట" అన్నాడు. ఆయనదానికీ క్రిస్టల్ మార్పిద్దామా అంటే వద్దన్నాడు, నేనూ పట్టుబట్టలేదు. ముప్పై ఏళ్ల బోర్డు మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టి జీడిపప్పు ఖాతాలు పోగొట్టే ధైర్యం నాకు లేదు.