మిషన్ కొనే ముందు తేల్చుకోవలసినవి: చిన్న జీడిపప్పు యూనిట్లో సాంకేతిక మార్పును నడిపే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల జీడిపప్పు యూనిట్లు నడిపే కుటుంబాల్లో పిల్లలు చదువు ముగించి వ్యాపారంలోకి రాగానే అడిగే మొదటి ప్రశ్న, "ఏ మిషన్ కొనాలి?" అని. పలాసలో తెలిసినవాళ్లు పెట్టిన మిషన్‌ను చూసి వస్తారు. మనుషులే కనిపించని వియత్నాం ఫ్యాక్టరీల వీడియోలు ఫోనులో చూస్తారు. ఆ ఉత్సాహం ఉండాలి, అది లేని యూనిట్ ఎక్కువ కాలం నిలవదు. అయితే అంతకంటే ముందు జవాబు దొరకవలసిన ప్రశ్నలు రెండున్నాయి. మన డబ్బు ఏ దశలో పోతోంది? మన చేతిలోనే ఉంచుకోవలసిన విద్య ఏది?

నేను నడుపుతున్నది మా మామగారు పెట్టిన యూనిట్. సీజన్‌లో గజపతి జిల్లా కొండల పిక్క (తొక్కతో ఉన్న జీడిగింజ), ఆ తర్వాత ఆఫ్రికా నుంచి దిగుమతి అయ్యే పిక్క ఆడతాం. తెలుగు, ఒడియా, సవర కుటుంబాల ఆడవాళ్లు మా దగ్గర పనిచేస్తారు. పెద్ద కంపెనీలకు పరిశోధన విభాగాలు, సలహాదారులు ఉంటారు. మనకు ఉన్నది యజమాని, మేస్త్రి, ఒక లెక్కల పుస్తకం. వాటితోనే ఈ పని పద్ధతిగా చేయవచ్చు.

ముందు తూకం

పిక్క వచ్చాక ఎండబెడతాం, సైజుల వారీగా జల్లిస్తాం, ఆవిరిలో ఉడికిస్తాం, చల్లారబెడతాం, కోస్తాం, పప్పును డ్రయర్‌లో ఆరబెడతాం, పొట్టు తీస్తాం, గ్రేడు చేస్తాం, డబ్బాల్లో నింపుతాం. చాలామంది మొదట పిక్కను, చివర పప్పును మాత్రమే తూస్తారు. మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఒక సీజన్ పాటు కోత తర్వాత, డ్రయర్ తర్వాత, పొట్టు తీశాక కూడా గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద (రెండుగా చీలిన పప్పు) ఎంత, ముక్క ఎంత అని లాట్ల వారీగా రాయించండి. ప్రతి బస్తా అక్కర్లేదు, లాటుకు ఒక నమూనా చాలు.

ఈ తూకాలు మిషన్ ధరకు పైహద్దు చెబుతాయి. ఎలాగో చూడండి. మన వ్యాపారంలో దిగుబడిని 80 కిలోల బస్తాకు ఇన్ని పౌండ్ల పప్పు అని చెప్పుకుంటాం. 48 పౌండ్ల దిగుబడి ఇచ్చే పిక్క అనుకుంటే బస్తాకు సుమారు 21.8 కిలోల పప్పు, అంటే 27 శాతం పైచిలుకు. రోజుకు వెయ్యి కిలోల పిక్క ఆడే యూనిట్‌లో రోజుకు 272 కిలోల పప్పు వస్తుంది. గుండు శాతం 70 నుంచి 75కు పెరిగితే, అంతకుముందు బద్దగానో ముక్కగానో పోయే 13.6 కిలోలు గుండుగా మిగులుతాయి. గుండుకూ విరిగినదానికీ కిలోకు 150 రూపాయల తేడా ఉందనుకోండి. రోజుకు 2,040 రూపాయలు, ఏడాదికి 250 పనిదినాలైతే 5 లక్షల 10 వేలు. కరెంటు, మరమ్మతులు, వడ్డీ ఇందులోంచే పోవాలి. ఎంత గొప్ప మిషనైనా మీకు ఇవ్వగలిగేది ఇంతే. మూడేళ్లలో డబ్బు తిరిగి రావాలని మీరు అనుకుంటే 30 లక్షల మిషన్ ఈ యూనిట్‌కు తగదు. అమ్మేవాళ్ల లెక్క వేరుగా ఉంటుంది. ధర తేడాలు, పనిదినాలు మీ సొంతవి వేసుకుని ఈ లెక్క మీరే కట్టండి.

నష్టం పుట్టిన చోటు, కనిపించిన చోటు ఒకటే కానక్కర్లేదు. పొట్టు తీసేటప్పుడు పప్పు విరుగుతోందంటే అందరి కళ్లూ పొట్టు తీసే మిషన్ మీదికి వెళతాయి. పప్పు డ్రయర్‌లో ఎక్కువగా ఎండి పెళుసుబారి ఉండవచ్చు. తేమ మిగిలిపోయి, పొట్టు ఊడక గట్టిగా రుద్దవలసి వచ్చి ఉండవచ్చు. రెండింటికీ మందు కొత్త మిషన్ కాదు, తేమ కొలిచే పరికరం, డ్రయర్‌లో వేడి అన్ని అరలకూ సమానంగా అందే ఏర్పాటు. వాటి ఖర్చు వేలల్లో ముగియవచ్చు. అలాగే పిక్కను సైజులుగా సరిగ్గా జల్లించకుండా ఆటోమేటిక్ కటింగ్ మిషన్‌లో పోస్తే, పెద్ద పిక్కకు బ్లేడు లోతుగా దిగి పప్పు తెగుతుంది, చిన్న పిక్క తెరుచుకోదు. జల్లెడ బాగుచేస్తే పోయేదానికి బ్లేడు మార్చడం ఎందుకు?

ఒక్క పని విషయంలో మాత్రం నేను లెక్కను కొంచెం పక్కన పెడతాను. పిక్క తొక్కలోని జీడినూనె చేతులను కాలుస్తుంది. నూనె రాసుకున్నా, బూడిద అద్దుకున్నా వేళ్లు నల్లబడి పొరలు పొరలుగా లేస్తాయి. కోత పనిలో చేతులను తప్పించగలిగిన మిషన్‌కు డబ్బు తిరిగి రావడం ఒక ఏడాది ఆలస్యమైనా దానికే ముందు వరుస ఇవ్వాలని నా అభిప్రాయం. ఆ చేతులు చూస్తూ వేరే చోట ఖర్చు పెట్టడం నాకు చేతకాదు.

ఏది కొనాలి, ఏది కాపాడుకోవాలి

కలర్ సార్టర్ కెమెరాతో ప్రతి గింజ రంగునూ చూసి, మచ్చ ఉన్నదాన్ని గాలి ఊది పక్కకు తోసేస్తుంది. మంచి మిషన్. కానీ మీకు అమ్మిన కంపెనీయే రేపు మీ పక్క యూనిట్‌కూ అమ్ముతుంది. అందరి దగ్గరా ఉన్నది ఎవరికీ ప్రత్యేకమైన లాభం తేదు. లేకపోతే వెనకబడతాం కాబట్టి కొంటాం, అంతవరకే. కొన్నాం కదా, ఇక మనదే పైచేయి అనుకోవద్దు.

పైచేయి ఇచ్చేవి వేరే ఉంటాయి. ఏ ఊరి పిక్కకు ఎంతసేపు ఆవిరి పట్టాలి, ఎంతసేపు చల్లారనివ్వాలి అన్న మీ సొంత పట్టిక ఒకటి. ఏటా మీకే పిక్క తెచ్చే కొండ రైతులు. మీ గ్రేడు మీద కొనుగోలుదారుకు ఉన్న నమ్మకం. డబ్ల్యూ 320 అని రాస్తే పౌండుకు 300 నుంచి 320 గుండ్లే ఉంటాయన్న నమ్మకం అది. ఇవి డబ్బు పెట్టి ఒక్కరోజులో కొనలేనివి. కొత్త మిషన్ వీటిని బలపరుస్తుందా, దెబ్బతీస్తుందా అని ప్రతిసారీ అడగండి.

కొత్తది కనిపెట్టినవాళ్లే చుట్టూ ఉండవలసినవి లేక చేజార్చుకున్న కథలు పెద్ద లోకంలోనూ ఉన్నాయి. మనిషి తల లోపలి భాగాలను పొరలుగా చూపే సీటీ స్కానర్‌ను తయారుచేసింది బ్రిటన్‌కు చెందిన ఈఎంఐ సంస్థ, గ్రామఫోన్ రికార్డులతో పేరుపొందిన కంపెనీ. దాని ఇంజినీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన యంత్రంతో 1971లో మొదటి రోగికి స్కాన్ తీశారు. ఆయనకు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికే మార్కెట్ చాలావరకు జనరల్ ఎలక్ట్రిక్ వంటి సంస్థల పాలైంది. ఎక్స్‌రే యంత్రాలు అమ్ముతూ వచ్చిన ఆ సంస్థలకు ఆసుపత్రులతో పాత పరిచయం, మరమ్మతు చేసే మనుషులు, శిక్షణ ఇచ్చే ఏర్పాట్లు ముందే ఉన్నాయి. ఈఎంఐ అవన్నీ కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. ఆ 1979లోనే థార్న్ అనే సంస్థ ఈఎంఐని కొనేసింది.

మన స్థాయిలో ఆ "చుట్టూ ఉండవలసినవి" ఏమిటి? గాలితో పొట్టు తీసే మిషన్‌కు పెద్ద కంప్రెసర్ కావాలి, గాలిలోని తేమను తీసే డ్రయర్ కావాలి, వోల్టేజీ పడిపోతే ఆదుకునే ఏర్పాటు కావాలి. కొటేషన్‌లో చాలాసార్లు మిషన్ ధర ఒక్కటే ఉంటుంది. రిపేరు చేసే మనిషి ఏ ఊళ్లో ఉంటాడు, ఎన్ని గంటల్లో వస్తాడు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి అన్నవి కూడా ధరలో భాగమే. విశాఖపట్నం నుంచి మనిషి రావాలంటే ఆ రోజు పని ఆగినట్లే.

ఎప్పుడు కొనాలి

ఒక రకం మిషన్ ఏటేటా రూపం మారుతోందంటే, తయారుచేసేవాళ్లకే ఇంకా అది కుదరలేదని అర్థం. అప్పుడు కొనకండి, అద్దెకు తీసుకోండి. పలాసలో ఆ మిషన్ ఉన్నవాళ్లకు కూలి ఇచ్చి మీ పిక్క ఒక లాటు ఆడించుకోండి. నాలుగైదు కంపెనీల మిషన్లు పక్కపక్కన పెడితే దాదాపు ఒకేలా కనిపించడం మొదలైతే, విడిభాగాలు ఒకదానివి ఒకదానికి సరిపోవడం మొదలైతే, అది కొనదగిన సమయం. మరీ ఆగితే పోటీవాళ్లు నేర్చుకున్న అనుభవం మనకు లోటవుతుంది. అందుకే ఆగే కాలంలోనూ కూలికి ఆడిస్తూ నేర్చుకుంటూ ఉండాలి.

దశలవారీగా పెట్టడానికి మన ఊళ్లోనే పాత ఉదాహరణ ఉంది. పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి ఇక్కడికి వేయించిన చిన్న రైలు 1900లో మొదలైంది. మొదటి ఏళ్లలో నష్టాలే వచ్చాయి. గుణుపురం దాకా ఒకేసారి వేయలేదు. లాభాలు కుదురుకున్నాక రెండు విడతల్లో పొడిగించి 1931 నాటికి గుణుపురం చేర్చారు. మొదటి ముక్క నడిచిన తీరు చూసి రెండో ముక్కకు డబ్బు పెట్టారు. మీరూ ఒక కటింగ్ లైన్ పెట్టి, పాత పద్ధతిని కూడా ఒక సీజన్ నడపండి. రెండింటి తూకాలూ పక్కపక్కన ఉంటే వాదన అవసరం ఉండదు.

మనుషులతో మొదలుపెట్టండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, అందరూ చివరికి వదిలేసేదీ ఇదే. మా దగ్గర కోత పనిలో పండిన ఒక పెద్దమ్మ ఉంది. బ్లేడు పడిన చప్పుడు విని, "అమ్మా, ఈ పిక్క ఇంకా చల్లారలేదు, ఇప్పుడు కోస్తే పప్పు అంటుకుపోతుంది" అంటుంది. తేమ పరీక్షిస్తే ఆమె మాటే నిజమవుతుంది. ఆ జ్ఞానం ఏ మాన్యువల్‌లోనూ లేదు. మిషన్ రావడానికి ముందే అలాంటివాళ్లతో కూర్చుని, ఏది చూసి ఏం నిర్ణయిస్తారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా అలాగే రాయండి. మిషన్ సెట్టింగులు పెట్టే రోజు వాళ్లు పక్కన ఉండాలి. బయటి పరిజ్ఞానం పట్టుబడేది లోపల అంతో ఇంతో తెలిసినవాళ్లు ఉన్న చోటే. తెలిసినవాళ్లను పంపేసి మిషన్ తెచ్చుకుంటే, అది చెడిపోయినప్పుడు ఎందుకు చెడిందో చెప్పే మనిషి కూడా ఉండదు.

కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట మిషన్ వచ్చాక ఆ రేటు పనికిరాదు. మిషన్ వేగం పెరిగితే పాత రేటు యజమానికి భారం, రేటు తగ్గిస్తే కార్మికులకు అన్యాయం. కాబట్టి కొత్త రేటు మిషన్ దిగకముందే, అందరి ముందు మాట్లాడి కాగితం మీద పెట్టండి. గుండు శాతానికి కొంత బోనస్ కలిపితే వేగం కోసం పప్పును విరగ్గొట్టడం తగ్గుతుంది. ఎవరి పని పోతుందో, వాళ్లకు గ్రేడింగ్‌లోనో ప్యాకింగ్‌లోనో చోటు ఉందో కూడా ముందే చెప్పండి. ఉద్యోగం పోతుందని భయపడే మనిషి తనకు తెలిసింది మీకు చెప్పదు. నేనైనా చెప్పను.

జపాన్‌లో సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన మగ్గంలో దారం తెగితే మగ్గం తనంతట తానే ఆగిపోయేది. దాంతో ఒక మనిషి చాలా మగ్గాలను చూసుకోగలిగాడు. 1929లో ఆ మగ్గం హక్కులను ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్‌కు లక్ష పౌండ్లకు ఇచ్చే ఒప్పందం కుదిరింది. తర్వాత ఆ కుటుంబం కార్ల తయారీకి వెళ్లింది. మన యూనిట్‌కు ఇందులో పనికొచ్చేది ఆగే గుణం. ముక్క శాతం మీరు పెట్టుకున్న హద్దు దాటితే మిషన్‌ను ఆపే అధికారం దాని దగ్గర నిలబడిన మనిషికి ఇవ్వండి. ఆపినందుకు ఎవరూ ప్రశ్నించకూడదు.

కాగితాలు

మీ మేస్త్రి బ్లేడు బిగింపులో ఏదైనా కొత్తది కనిపెడితే, బయట చూపించే ముందు ఆలోచించండి. పేటెంట్‌కు దరఖాస్తు చేయకముందే బహిరంగంగా వాడినా, ప్రదర్శించినా కొత్తదనం పోయిందని తోసిపుచ్చవచ్చు. తెలిసిన పరికరాలను పక్కపక్కన అమర్చినంత మాత్రాన మన చట్టం దాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోదు. పేటెంట్ వస్తే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది. ఒడిశా వాళ్లకు కోల్‌కతా కార్యాలయం. చిన్న మార్పులకు ఆ ఖర్చు కంటే రహస్యంగా ఉంచుకోవడమే నయం. ఆవిరి పట్టిక లాంటిదైతే తప్పకుండా రహస్యమే. కనిపెట్టిన మేస్త్రికి దక్కవలసినది మాత్రం దక్కాలి.

సందేహాలకు కర్ణాటకలోని పుత్తూరులో జీడిమామిడి పరిశోధన సంస్థ ఉంది. మన ఊళ్లోనే సెంచూరియన్ విశ్వవిద్యాలయం ఉంది. తూకాల పుస్తకం పట్టుకుని వెళితే మాట సూటిగా సాగుతుంది.

సబ్సిడీ చివరి మాట. సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పథకంలో అర్హమైన ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, బ్యాంకు రుణంతో ముడిపెట్టి ఇచ్చారు. ఇప్పుడు ఏ పథకం అమలులో ఉందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. సబ్సిడీ లేకుండా లెక్క కుదరని మిషన్‌ను సబ్సిడీ కోసం కొనవద్దు.

ఒప్పందంలో ఈ షరతులు పెట్టించండి. పరీక్ష మీ పిక్కతో, మీ కరెంటుతో, మీ మనుషులు నడుపుతుండగా జరగాలి. గుండు ఎంత శాతం రావాలో, పిక్క ఏ సైజుదో, ఎంత తేమదో అంకెల్లో రాయాలి. ధరలో అయిదో వంతు ఆ పరీక్ష నెగ్గాకే చెల్లించాలి. నెగ్గకపోతే ఎన్ని రోజుల్లో సరిచేయాలో, అప్పటికీ కాకపోతే మిషన్‌ను ఎవరి ఖర్చుతో వెనక్కి తీసుకువెళ్లాలో కూడా ఆ కాగితంలోనే ఉండాలి. అడ్వాన్సు ఇచ్చాక ఇవి అడిగితే ఒప్పుకోరు, ముందే అడగండి.