తరగతి గది స్లాబ్ సెగ తగ్గాలంటే: ముందు తెలుపు, తర్వాత ఇన్సులేషన్

ఎండాకాలం పై అంతస్తు తరగతిలో పిల్లలకు ఎక్కువ సెగ తగిలేది నెత్తిమీది స్లాబ్ నుంచే. ఐదంగుళాల కాంక్రీటు ఎండను పీల్చుకుని దాదాపు మూడు గంటలు ఆలస్యంగా కిందికి వదులుతుంది. ఒంటిగంట ఎండ నాలుగింటికి గదిలో తెలుస్తుంది. రేకుకు ఆ ఆలస్యం లేదు కాబట్టే ఒంటిపూట బడుల్లో కూడా పదకొండు కాకముందే రేకుల గదిలో కూర్చోలేం.

పని మొదలుపెట్టే ముందు కొలవండి. ఒకే దిక్కుకు ఉన్న రెండు గదులు ఎంచుకుని, ఒకదానికే పని చేయించండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో (తాకకుండానే వేడి కొలిచేది) స్లాబ్ అడుగు వేడిని ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు గంటకోసారి రెండింటిలోనూ రాసుకోండి. గాలి వేడి ఒక్కటే చూస్తే తేడా చిన్నగా కనిపిస్తుంది. తలమీద పడే సెగ సంగతి స్లాబ్ అడుగే చెబుతుంది.

చవకైన పని తెల్ల పూత. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ (ఎండను వెనక్కి కొట్టే పైకప్పు) విధానంలోనూ ఇదొక మార్గం. 20×20 అడుగుల గదికి 400 చదరపు అడుగులు. కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలకు సుమారు 20 లీటర్ల బకెట్ ఒకటి సరిపోతుంది. నాచు గీకి, బ్లీచింగ్ నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. పగుళ్లు పూడ్చి, ప్రైమర్ వేశాకే పూత. తడి స్లాబ్‌పై వేస్తే పెయింట్ బుడగలెత్తి పొరలుగా లేస్తుంది. నడి ఎండలో వేస్తే పట్టకముందే ఆరిపోతుంది. ఉదయం పదిలోపే ముగించండి.

పూత ఎండను వెనక్కి కొడుతుంది, ఇన్సులేషన్ లోపలికి దిగే వేడిని నెమ్మది చేస్తుంది. రెండూ వేరు. 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (గట్టి పాలిస్టైరిన్ నురుగు) బోర్డు వేడిని ఆపడంలో రెండు మీటర్లకు పైబడిన కాంక్రీటుతో సమానం. అది స్లాబ్ పైనే ఉండాలి. కింద ఫాల్స్ సీలింగ్‌లో పెడితే స్లాబ్ మాత్రం ఎప్పటిలాగే కాగి, సాగి, పగుళ్లిస్తుంది.

ఇన్సులేషన్ పని వరుస ఇది: వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు నిలబెట్టి 48 గంటలు చూడండి. ఈ పరీక్ష ఎగ్గొట్టి బోర్డులు పరిస్తే, లీకు ఎక్కడుందో తర్వాత ఎవరికీ దొరకదు. 1.25×0.6 మీటర్ల బోర్డులు ఒక గదికి 50, కోతలకు మరో మూడు పడతాయి. ఇటుక వరుసల్లా అతుకులు తప్పించి పేర్చి, టేపు వేయాలి. పైన పాలిథిన్ షీటు, చికెన్ మెష్ (సన్న ఇనుప తీగ జాలీ), 40 మి.మీ. కాంక్రీటు పొర, మీటరుకు ఒక సెంటీమీటరు వాటం తూము వైపు. ఆ పొరను గడులుగా విడదీయకపోతే తొలి వేసవికే చీలుతుంది. ఆపైన తెల్ల టైలు ముక్కలు. పిట్టగోడ మొదలు దగ్గర కూడా వాటర్‌ప్రూఫింగ్‌ను అడుగు ఎత్తు వరకు తీసుకెళ్లాలి. మేస్త్రీలు ఎక్కువగా వదిలేసేది అక్కడే.

బరువు మరవకండి. కాంక్రీటు పొర ఒక్కటే చదరపు మీటరుకు 90 కిలోల పైనే, అంటే గదికి మూడు టన్నుల పైమాటే. పాత భవనమైతే ఇంజనీరు చూసి సరేననే వరకు ఆగండి. ఆయన వద్దంటే తెల్ల పూతతోనే సరిపెట్టుకోవడం మేలు.

ఇన్సులేషన్ వేశాక గదిలో చేరిన వేడి కూడా పైకప్పు గుండా త్వరగా పోదు. నలభై మంది పిల్లలు, తలుపులు మూసిన గది అంటే ఉక్కపోతే. వెంటిలేటర్లు రాత్రంతా తెరిచి ఉంచాలి. దోమల జాలీ, ఇనుప గ్రిల్ బిగిస్తే వాచ్‌మన్ కూడా అభ్యంతరం చెప్పడు.

రేకుల గదికి పైన తెల్ల పూత, కింద జానెడు ఖాళీ వదిలి సీలింగ్, ఆ ఖాళీకి రెండు చివర్లా గాలి దారి. మంట అంటుకునే థర్మోకోల్‌ను పైకి కనిపించేలా వదలొద్దు. ఆస్బెస్టాస్ రేకులైతే పొడిగా గీకడం, రంధ్రాలు వేయడం వద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. నేరుగా కాలు పెట్టినా రేకు విరుగుతుంది, చెక్క పలక వేసుకునే ఎక్కాలి.

తెలుపు మీద దుమ్ము పేరుకుంటే పూత పనితనం తగ్గుతుంది. ఫిబ్రవరి చివర్లో ఒకసారి చీపురు, నీళ్లతో కడిగించండి.